పాదాల పటం

కొత్తవాడలో మగ్గం గుంటలోకి కాళ్లు దించి
మా నాయిన కూసుంటే
నడుము కింద మనిషి ఉండకపోయేది.
జంపఖానా మీద నెమలి కనబడేది,
దాన్ని తొక్కి తొక్కి లేపిన పాదం కనబడేది కాదు.

ఇప్పుడు నేను పాదాలే చూస్తున్న.

హన్మకొండలో, టైలర్ దుకాణం మీది గదిలో,
కింద కుట్టుమిషన్లు టకటకమంటుంటే
గోడకు వేలాడే పటం.
బొటనవేలంటే తలకాయ.
పక్కన రెండు వేళ్ల మొదట్లో కండ్లు,
చివరి రెండింటి కింద చెవులు,
వేళ్ల కింది దిండులో ఊపిరితిత్తులు,
లోపలి అంచు పొడుగునా వెన్నుపూస.
గులాబి రంగు పాదాలు. ఒక్క పగులు లేదు.
అవి ఎన్నడూ ఎనుమాముల మార్కెట్ల నడువలేదు.

సుగుణవాణి టీచర్, ముప్పై ఏండ్లు నర్సు కొలువు చేసి దిగిన మనిషి,
మొదటి రోజే చెప్పింది:
"రోగం నయం చేస్తమని బోర్డు రాయద్దు.
డాక్టరిచ్చిన గోలి బంద్ చెయ్యమనద్దు.
చేతికేదన్న తేడా తగిలితే దవాఖానకు పంపు.
ఇగ పో, గోర్లు కత్తిరించుకో."

బొటనవేలు గొంగళిపురుగు లెక్క నడవాలంట,
వంగుడు, సాగుడు, జరంత ముందుకు.
నెల రోజులు నా మోచేతి మీద నేనే పాకిన.
కాజీపేట బస్సుల రాడ్డు మీద,
పొద్దుటి రొట్టెపిండి మీద.
"ఎవల కాళ్లన్న పట్టుకొని ఒక కొలువు సంపాదించుకోక
కాళ్లు పట్టుడే కొలువా?" అన్నడు మా అన్న.
నవ్విన.
పట్టుకొనుడుకు, పట్టుడుకు
నడుమ రెండక్షరాలే తేడా.

మొట్టమొదలు పైసలిచ్చింది ఓదెలు,
మిర్చి బస్తాలు మోసే హమాలి.
"నడుం సంగతి ఇడిసిపెట్టు, జర నిద్రొస్తే చాలు."
టబ్బుల గోరువెచ్చని నీళ్లు ఎర్రగైనై.
ఆ రాత్రి నా వేళ్లు భగ్గుమన్నై,
పెరుగు గిన్నెలో ముంచుకొని కూసున్న.
పటం గీసినాయనకు ఈ మంట తెలిసుండదు.

ఓదెలు మాత్రం ఐదో నిమిషంలోనే గుర్రుపెట్టిండు.
వారం వారం వచ్చి పడుకునేటోడు.
వేలు నుంచి గుండెకు తొవ్వ ఉన్నదో లేదో
నాకిప్పటికీ ఎరుక లేదు.
టీచరును అడిగితే కిటికీ దిక్కు చూసింది,
"నిద్రపోయిండా లేదా?" అన్నది.

నాలుగో వారం, ఎడమ పాదం, మూడో వేలు.
"నొస్తున్నదా?"
"నువ్వింక పట్టనే లేదు గద చెల్లె."

గట్టిగనే పట్టిన.
మళ్ల పట్టిన, నా గోరు తెల్లబడేదాక.
ఆయన ఫ్యాను దిక్కు చూసుకుంట
బస్తాకు కూలి ఎంత పెంచిండ్రో చెప్తున్నడు.
వేలు సందులో, నల్లబడ్డ తోలు లోపల,
గోనెసంచి కుట్టే దబ్బనం ముక్క.
ఎన్ని దినాలదో.

నూనె తుడిచిన. ఫ్యాను బంద్ చేసిన.
ఆటోలో ఎంజీఎం దాక ఇద్దరం మాట్లాడలేదు.
షుగరున్న సంగతి ఆయనకు అక్కడే తెలిసింది.
చీటీ రాసే పిలగాడు "నువ్వేమైతవు?" అంటే
"కాళ్లు పట్టేదాన్ని" అన్న.
తలెత్తి చూసి, చెల్లె అని రాసుకున్నడు.

ఆ రాత్రి మా నాయిన పాదాలు ఒళ్లో పెట్టుకొని
వేలు వేలు ఇడదీసి చూసిన.
తొక్కుడు పలక గుర్తు అరికాలు మీద
అడ్డంగ, పాత గీత లెక్క.
"ఏం పోయిందని దేవులాడుతున్నవ్ బిడ్డా?"

నెలన్నరకు మెట్ల మీద చప్పుడు,
ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక.
పుండు మానేదాక ఎడమది ముట్టనన్న.
ఓదెలు కుడి కాలు చాపిండు.
"ఒక్కటే కాలు. ఆ కాలికి ఒక వేలు తక్కువ.
సగం పైసలే ఇస్త, ముందే చెప్తున్న."

పటం లెక్కన పోయింది కన్ను.
ఓదెలు ఉన్న రెండు కండ్లూ మూసుకొని
నేను చేతికి నూనె రాసుకోకముందే
నిద్రపోయిండు.