గుండు, బద్ద

పలాసలో జీడిపప్పు బట్టీ, వెనక గది.
రేకుల కింద పొట్టు కాలిన వాసన.
ఖాళీ టిన్ను బోర్లించి దానిమీద లాప్‌టాప్ పెట్టాను.
ఎదురుగా మడ్డు దాలమ్మ.
ఇరవై రెండేళ్లుగా
గుండుని గుండులో, బద్దని బద్దలో వేస్తున్న మనిషి.

మొదటి పరీక్ష తేలిక.
తెర మీద ఏది మెరిసినా మీట నొక్కాలి:
మూడువందల పది మిల్లీ సెకన్లు.
రెండోసారి, బద్ద కనిపిస్తేనే నొక్కాలి:
నాలుగువందల తొంభై.
ఇక మూడో తరగతి తీసివేతే.
కంటి దారి కొట్టేసుకుపోతుంది, చేతి దారి కొట్టేసుకుపోతుంది,
నడుమ మిగిలిన నూట ఎనభైలో
ఒక మనిషి ఏదో తేల్చుకుంటుంది.
నా చదువంతా ఆ సందులోకి తొంగిచూడ్డానికే.

"ఆ మిగిలిందాన్నేటంతారమ్మీ?"
"నిర్ణయం అంటాం పిన్నీ. ఆలోచన అనుకో."
"రోజుకి పదేను కిలోలేరతాను. లెక్కెట్టు."
కిలోకి ఏడువందల పప్పులు చొప్పున
ఫోన్‌లో గుణించాను.
అరగంట, ఆపైన నిమిషంన్నర.

ఆమె నవ్వలేదు.
"పొద్దున్న ఎనిమిదికొచ్చి సీకటడ్డాక ఎల్తాను.
అందల అరగంటేనా నానాలోసించినాను?
మరి మిగతాదంతా ఏటి సేసినట్టు?"

నా నోటుబుక్కులో గడులు మూడు,
అందుకోవడం, పోల్చడం, కదలడం,
గడికీ గడికీ మధ్య స్కేలుతో గీసిన బాణాలు.
కొడుకు ఫీజూ, నడుం నొప్పీ,
కిలోకి రూపాయి పెంచమని అడగాలా వద్దా అన్నదీ
ఏ బాణం కింద నడుస్తున్నాయో
నేను గీయలేదు.

మాట మార్చి మూడో పరీక్ష పెట్టాను.
నలభై మిల్లీ సెకన్లు పప్పు బొమ్మ,
ఆ వెంటే దాన్ని తుడిచేసే గజిబిజి గీతలు.
"ఏటి చూశావు?"
"ఏటీ నేదు. సుక్కలు."
సరే, ఊరికే ఊహించి నొక్కమన్నాను.
పదింట ఏడు ఒప్పులు.
ఏమీ లేదంటున్న నోటికి తెలియకుండా
వేలు ఎవరితో మాట్లాడి వచ్చిందో!

"నీ బొమ్మలు మోసమమ్మీ" అంది,
తెరని చిటికెన వేలితో తోస్తూ.
"దీనికి ఎనకేపేదీ?
బద్ద బోర్లా పడుకుంటే గుండులాగే ఉంతాది.
తిప్పితే గదా తెలిసీది."

తిప్పే వేళ్లని చూశాను.
ఒకప్పుడు కాయలు కొట్టినప్పటి జీడిరసం
గీతలన్నీ తినేసింది.
రేషన్ మెషీను నెలనెలా వాటిని
ఎవరివో గుర్తుపట్టలేకపోతుంది.

అప్పుడు లాప్‌టాప్ మూసి
నిజం పప్పులు పళ్లెంలో పోయించి
పైన కెమెరా వేలాడదీశాను.
"ఏరుతూ పైకి చెప్పు పిన్నీ, ఏది ఏదో."
రాత్రి లాడ్జిలో ఒక్కో ఫ్రేమూ నడిపిస్తే
చెయ్యి బద్దల వైపు తిరిగిపోయాక గాని
"బద్ద" అన్న మాట బయల్దేరలేదు.
ప్రతిసారీ అంతే.
ఈసారి తీసివేతలో మైనసు వచ్చింది,
రెండుసార్లు లెక్క సరిచూసుకున్నాను.

మర్నాడు చెబితే
"నోరు ఎప్పుడూ ఎనకే" అని నవ్వి,
"ఇప్పుడు నీకు పరీచ్చ. కళ్లు మూసుకో."

అరచేతిలో ఒక పప్పు.
నునుపు. వంపు. ఇంకా కాస్త వెచ్చన.
బొటనవేలితో ఒకసారి, మళ్లీ ఒకసారి.
రెండు సెకన్లు దాటి ఉంటాయి,
నాకు అక్కడ గడియారం లేదు.
"గుండు" అన్నాను.

"కాదు. బద్దా కాదు.
నడిమికి నెర్రె బారినాది, ఇంకా ఇడిపోనేదు.
లారీ ఒక్క గతుకులో పడితే సాలు."

దాన్ని బద్దల్లో పడేసి
తర్వాతి పప్పు అందుకుంది.