ఒరిజినల్ ఏదీ?

పాత బస్టాండు కాడ నాది జిరాక్సు అంగడి.
పదో తరగతి లెక్కల్లో ఇరవై తొమ్మిది నాకు.
ఇంకా ఆరు మార్కులు ఈ లోకం నాకు బాకీ.

రోజూ గాజుపలక మీద బోర్లా పడుకుంటాయి
బీయస్సీలు, బీయెడ్లు, యమ్మేలు.
కింద పచ్చటి వెలుగు ఆ కొస నుంచి ఈ కొసకు పాకుతాది,
ఒక్క గీతలో మూడేండ్ల చదువు అయిపోతాది.
వేడివేడిగా బయటపడిన కాగితాన్ని
ఉగ్గాని పొట్లం మాదిరి చేతులు మార్చుకుంటా ఇస్తా.
రెండు రూపాయలు.
గోల్డ్ మెడలిస్టుకైనా, అత్తెసరు మార్కులోనికైనా
రెండే రూపాయలు.

మద్దిలేటి ప్రతి డీయస్సీకీ ఒకసారి వస్తాడు.
డిగ్రీ ఐడీ కార్డు ఫోటోలో వాని మీసం ఇంకా నూగే,
వాడు మాత్రం నా కౌంటరు ముందే నెరిసినాడు.
ఉల్లిగడ్డల యార్డులో చిట్టాలు రాస్తాడు.
"చదువు దండగన్నా" అంటాడు,
అంటానే సర్టిఫికెట్టు మూలలు సాపు చేసి
ప్లాస్టిక్ కవర్లోకి జారుస్తాడు,
పెనం మీద జొన్నరొట్టె తిప్పినంత ఒడుపుగా.

వానికి జీతమిచ్చే మండీ ఉసేనయ్యకు
వేలిముద్ర తప్ప సంతకం రాదు.
కూతురి పీజీ సీటు కాగితాలు తెచ్చిననాడు
నా స్టూలు మీద కూర్చోని
ప్రతి కాపీనీ వెనకా ముందూ తిప్పి చూసినాడు.
"ఇందులో ఏముందో చదువు నాయనా" అన్నాడు.
చదివినా.
ఇంకొకసారి చదవమన్నాడు.

రెండువేల తొమ్మిది, అక్టోబరు.
తుంగభద్రా హంద్రీ ఒక్కటై వీధుల్లోకి వచ్చినాయి.
నా మిషను మూడు దినాలు నీళ్ల కింద ఉండె.
నీళ్లు తీసినంక చూడాల కర్నూలును!
మిద్దెల మీద, పిట్టగోడల మీద, ఆగిపోయిన లారీ బానెట్టు మీద
ఎండబెట్టిన మార్కుల మెమోలు,
గాలికి పోకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి.
సుంకులమ్మక్క బురదలో ట్రంకుపెట్టె తెరిచి
మొగుని ఫోటో పక్కన పెట్టి
కొడుకు ఇంటర్ మెమోను కొంగుతో అద్దింది.
సిరా కరిగి అంకెలు ఎటో పోయినాయి,
ముద్ర ఒక్కటే ఊదారంగు మరకై నిలబడింది.
"పాసే కదప్పా ఇది?" అని నన్నడిగింది.
పాసే అక్కా అన్నా.

చదువు కూడు పెడతాదా అని మైకుల్లో అడిగేటోళ్లు
ఆ దినం ఒక్కరూ కనపడలేదు.
వాళ్ల కాగితాలూ ఏ మిద్దె మీదనో ఆరుతుండెనేమో.

మా ఊరికీ ఉండె ఒక సర్టిఫికెట్టు:
మూడేండ్లు రాజధాని.
ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు...
ప్రశ్న చెరిగిపోయి ఆప్షన్లు మిగిలినట్టు
మిగిలినాయి పేర్లు.
ఆ కాగితం పెట్టి మేము ఏం సంపాదించినామో నాకు తెలీదు.
ఎవరన్నా కొత్తోళ్లు వస్తే మాత్రం
మొదట అదే తీసి చూపిస్తాం.

మొన్న ఏదో స్కీము లోనుకు బ్యాంకుకు పోయినా.
"క్వాలిఫికేషన్?" అన్నాడు కుర్ర ఆఫీసరు.
"ఈ ఊరి క్వాలిఫికేషన్లన్నీ
ఇరవై ఏండ్లుగా నా చేతి మీదనే పోతాండాయి సార్."
నవ్వినాడు. మంచోడే.
నవ్వు అయినంక అడిగినాడు:
"సరే, ఒరిజినల్ ఏదీ?"

రాత్రి షట్టరు సగం దించి
ఓపెన్ స్కూలు లెక్కల గైడు తెరిచినా.
ఇంటిదానికి ఇంకా చెప్పలేదు.
ఒక తొట్టిని రెండు కొళాయిలు కలిసి
ఎన్ని గంటల్లో నింపును?
"కర్నూలైతే ఒక్క రాత్రి" అని రాసి
కొట్టేసినా.