పదకొండేళ్లుగా ఏమీ జరగలేదు

లూబ్లిన్‌లో కోర్టు వెనక సందు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
నా దగ్గరికొచ్చే వాళ్లంతా
ముందు ఆయాసం తీర్చుకుని
ఆ తర్వాతే కాగితాలు తీస్తారు.

సెవెరిన్ కూడా అంతే.
తడిసిన టోపీ మోకాలికి తగిలించి
ఐర్లండు కాగితాలు రెండు బల్ల మీద పరిచాడు.
ఒకటి బండి పుట్టుపూర్వోత్తరాలు.
రెండోది బీమా కంపెనీ ఇచ్చిన నడవడి పత్రం.

కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకురాలిని నేను.
నా గుండ్రటి ముద్ర పడితే గాని
ఆ ఆకుపచ్చ కారుకి ఈ దేశంలో నోరు లేవదు.

"ఆకుపచ్చ కాదండీ, నీలం."
కాగితంలో ఆకుపచ్చ అనే ఉంది.
కిటికీలోంచి తొంగి చూశాను:
డిసెంబరు, నాలుగింటికే చీకటి, పైన వాన.
ఏ రంగైనా ఒకటే.
ఉన్నదున్నట్టు రాయడమే నా పని. ఆకుపచ్చ అనే రాశాను.

ఛాసిస్ నంబరు, పదిహేడు గుర్తులు.
వేలు పెట్టి ఒక్కొక్కటీ పైకి చదివాను.
అతను కళ్లు మూసుకుని విన్నాడు, పెదాలు కదుపుతూ.
బండి మొత్తంలో అనువాదం అక్కర్లేనిది అదొక్కటే.
సున్నాని పోలిన అక్షరం అందులో వాడరు, పొరబడతారని.
మనుషుల పేర్లకి ఎవరూ అంత జాగ్రత్త పడరు.

పాత బీమా శుక్రవారం అర్ధరాత్రితో సరి.
కొత్త బీమాకి ఇక్కడి నంబరు ఉండాలట,
నంబరుకి తనిఖీ,
తనిఖీకి బండి నడిపి తీసుకెళ్లాలి,
నడపాలంటే బీమా.
పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు,
పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు.
"తోసుకుని పోనా?" అన్నాడు. నవ్వలేదు.

హెడ్‌లైట్లు కూడా మార్చాలి.
అక్కడ ఎడమ గట్టు మీద వెలుగు పోసినవే
ఇక్కడ ఎదురొచ్చేవాడి కళ్లలో పోస్తాయి.

రెండు ఓడలు, మూడు రోజులు.
స్టీరింగేమో కుడివైపు,
ఫ్రాన్సులో టోల్ గేటు మిషన్లన్నీ ఎడమ పక్క.
ఇదివరకు సెలవులకి వచ్చేటప్పుడు
కింగా ఆ పక్క సీట్లోంచి చెయ్యి చాచి టికెట్టు లాగేది,
లాగి పళ్లతో కరిచి పట్టుకునేది, మాట్లాడితే పడిపోతుందని
కిందటి గేటు నుంచి పైగేటు దాకా మౌనం.
ఇప్పుడు పదిహేనేళ్లు. కార్క్‌లో అమ్మ దగ్గరే ఉంటానంది.
జడ్జి కూడా పిల్ల మాటే విన్నాడు.

ఈసారి ప్రతి గేటు దగ్గరా
బెల్టు విప్పి, దిగి, ముందునుంచి చుట్టు తిరిగి,
టికెట్టు తీసుకుని, మళ్లీ చుట్టు తిరిగి.
వెనకాల హారన్లు.
"పద్నాలుగు గేట్లు" అన్నాడు.

ఇక రెండో కాగితం. నాలుగే వాక్యాలు.
పై వ్యక్తి పేరున పదకొండేళ్లుగా ఏమీ జరగలేదని దాని సారాంశం.
కలం అక్కడ ఆగింది. మా వృత్తిలో ఆగకూడదు.
పరిహారం కోరలేదు అనొచ్చు. ప్రమాద రహితం అనొచ్చు.

"ఏది రాస్తే తక్కువ కట్టాలి?"
కాసేపాగి మళ్లీ తనే:
"ఒకసారి ఒకావిడ గేటు స్తంభం గుద్దాను.
కోర్టు నుంచి వస్తూ.
కంపెనీకి చెప్పలేదు, రొక్కం ఇచ్చేశాను.
అది కూడా రాయాలా?"

"కాగితంలో లేనిది నేను రాయలేను."
ఊపిరి వదిలాడు.
తేలికపడ్డాడో, ఇంకేమిటో.

నాలుగు వాక్యాలైనా రూలు ప్రకారం పూర్తి పేజీ కిందే లెక్క.
మిగిలిన తెల్లకాగితానికి కూడా డబ్బు తీసుకున్నాను.
ముద్ర వేసి, ఊది ఇచ్చాను.

మెట్లు దిగిన చప్పుడు. తర్వాత వాన చప్పుడు.
కిటికీ దగ్గరికి ఎందుకెళ్లానో!
అతను ఎడమ తలుపు తీశాడు,
స్టీరింగ్ లేని వైపు.
కూర్చున్నాడు. తలుపు వేసుకోలేదు.

లోపలి బల్బు వెలుగు తలుపు అంచు మీద పడింది.
నీలమే.