నడిమి క్లాంపు

ఆ చలికాలం మిర్యాలగూడ మిల్లుల
ఆవిరి గొట్టం దగ్గుడు షురువు చేసింది.
తెల్లారుజామున పొయ్యి రాజేసి వాల్వు విప్పంగనే
ధన్... ధన్ ధన్...
గోడ లోపల ఎవరో సుత్తె పట్టుకొని
బయటికి తొవ్వ అడిగినట్టు.

ఏడు తొట్లు పొగలు కక్కుతుంటె
ఎనిమిదోదాంట్ల పచ్చి వడ్ల వాసన.
సేటు గేజి మార్పించిండు.
వాల్వుకు కొత్త దారం సుట్టిచ్చిండు.
ప్రెషరు పెంచుమన్నడు. పెంచితే
ఇంకింత గట్టిగ తిట్టింది గొట్టం.
ఆఖరుకు నిమ్మకాయలు కట్టిచ్చిండు.
రెండు దినాలల్ల అవి ఉడికినయి,
వడ్లు ఉడకలే.

అప్పుడు మర్రిగూడ దిక్కునుంచి
మైబు సాబును పిలిపిచ్చిన్రు.
మెడ తిరగదు ఆయనకు.
పక్కకు చూడాల్నంటె మనిషి మనిషంత మలగాలె,
ఇరుకు సందుల బండి మలిపినట్టు.
అందుకే ఏది చూసినా పూర్తిగ చూస్తడు.

సంచిల రెండు పానాలు, ఓ హాక్సా బ్లేడు,
మూరెడు ఇనుపచువ్వ.
చువ్వ ఒక కొస గొట్టం మీద, ఒక కొస చెవిల.
కండ్లు మూసుకొని అడుగు జరిగి,
మళ్ల అడుగు జరిగి,
అలిగినోళ్ల తలుపు బయట నిలబడ్డట్టు నిలబడి,
"ఆవిరి కొట్టదు బిడ్డా" అన్నడు నాతోని.
"ఆవిరికి చేతులేడియి?
నిలిచిన నీళ్లు కొడతయి.
యాడనో కడుపు జారింది దీనికి."

మొదాలు మలుపు కాడ ముక్క కోసిండు.
రెండించుల గొట్టం లోపల
చిటికెన వేలు పట్టే సందు.
మిగిలిందంత తెల్లటి పెచ్చు, పన్ను లెక్క గట్టిది.
"గీ నీళ్లే" అని నవ్వి
తన మెడ మీద తట్టుకున్నడు.
"గొట్టమైతే కోసి మారుస్తం."

మార్చినంక గూడ ధన్‌మన్నది.

సెలైను ట్యూబుల నీళ్లు నింపి
ఒక కొస నాకిచ్చి పట్టుకోమన్నడు.
వాలు చూసుకుంట చూసుకుంట
కూలోళ్ల అర్రలకు వచ్చినం.
గోనెసంచులు సుట్టిన గొట్టం ఆ గోడ పొంటే పోతది.
పుష్యమాసంల మిల్లు మొత్తానికి
ఎచ్చగుండే జాగ అదొక్కటే.

ఏడేండ్ల కింద నా పొల్ల నెలల పిల్ల.
నడిమి క్లాంపుకు పాత చీర కట్టి ఊయలేసిన.
రాత్రంత పొయ్యిల ఊక ఎగేసి వచ్చి
ఒక కాలుతోని ఊపుకుంట కూసొని కునికేదాన్ని.
ఇనుము గూడ అలుస్తదని
అప్పుడు నాకేం ఎరుక?

ట్యూబుల నీళ్లు అబద్ధమాడలే.
రెండు వేళ్ల మందం దిగింది గొట్టం, సరిగ్గ ఆడ్నే.
మైబు సాబు మనిషంత మలిగి క్లాంపును చూసిండు,
చీర ఒరుసుకొని నున్నగైన వంపును.
మళ్ల మనిషంత మలిగి నన్ను చూసిండు.
నా చేతిల నీళ్లు వణికినయి.

"ఏమైందంట?" సేటు తలుపుల నిలబడి.
"పాత గోడ సేటూ. సున్నం రాలి క్లాంపు జారింది."

ఇటుక మీద ఇటుక పెట్టి, టేకు చెక్క ఇరికిచ్చి
సుత్తెతోని మెల్లగ తట్టుకుంట లేపిండు.
అడుగు కుళాయి విప్పితే
తుప్పు నీళ్లు బకెట్టు నిండ.
"ఇగ ఆవిరి ఇడువు జానమ్మా.
ఒక్కసారే గాదు,
పండుకున్నోళ్లను లేపినట్టు ఇడువు."

ఇడిసిన.
గొట్టం చిటపటలాడింది, ఉలిక్కిపడ్డది,
ఊకున్నది.
కొంచెం సేపటికి ఎనిమిదో తొట్టి మీద పొగ.

పానాలు సంచిల ఏసుకుంట అడిగిండు,
తల ఎత్తకుంట, ఎత్తరాదు గనక.
"పొల్ల మంచిగ పండుకునేదా?"
"పండుకునేది సాబూ."
"మరింకేంది" అన్నడు.
ఏసుకున్న పానా మళ్ల తీసి
క్లాంపు నట్టు ఇంకో అర చుట్టు బిగిచ్చిండు.