టికెట్టు వెనకాల

కడప బస్టాండులో తొమ్మిదీ నలభై బండి
ఆగీ ఆగకముందే
కిటికీల్లోంచి తువ్వాళ్లు, చెప్పుల సంచీలు,
ఒకసారి ఒక పిల్లోన్నే లోపలికి తోసినారు
సీటు పట్టేదానికి.
వానికి అర టికెట్టు.
పట్టింది మాత్రం ముగ్గురు కూచునే సీటు.

చిల్లర ఎవురి దగ్గరా ఉండదు.
రాయచోటి దాంక అందరూ ఐదొందల నోటోళ్లే.
అందుకే టికెట్టు తిప్పి వెనకాల రాసిచ్చేది.
స్టాంపు లేని బాకీ పత్రం,
రాసేటప్పుడు బండి గుంతలో పడితే
అంకెకు తోక మొలుస్తాది.
నా నాలుగు ఎప్పుడూ
తలకిందులైన కుర్చీ మాదిరే ఉంటాది.

ఆ రాత్రి గువ్వలచెరువు ఘాటులో వాన.
వైపర్ ఒకటే ఆడతాంది,
అది గూడా డ్రైవర్ వైపుది కాదు.
దస్తగిరి తల బయటికి పెట్టి తోలుతాండాడు.
కోవా అంగళ్ల కాడ ఎవురో టార్చి లైటు ఊపినారు.
"ఆపప్పా, మా వాళ్లే" అని
ఆస్పత్రి ఎక్స్‌రే కవరు కొంగు కింద దాచుకొని
ఒకామె దిగింది.
కవరు తడవలేదు. ఆమె మొత్తం తడిసింది.
రైట్ అన్నాక, రెండు మలుపులు తిరిగినాక
గుర్తొచ్చింది నాకు,
నా సంచిలో ఆమెవి నాలుగునూర్ల అరవై.

కండక్టరుకు తక్కువైతే చేతి నుంచి కట్టేది,
ఎక్కువైతే కేసు.
పొద్దున్నే డిపోలో కట్టేసి రసీదు తీసుకున్నా.
"ఏం ఓబులేసూ, నిద్రపోలేదా?" అన్నాడు క్యాషియర్.
పోయినా. నిద్రలో గూడా ఎవురో టార్చి ఊపుతానే ఉన్నారు.

తర్వాత నన్ను బద్వేలు రూటుకు ఏసినారు, మూడేండ్లు.

మల్లా ఈ ఘాటెక్కేసరికి
ఆడోళ్లకు సున్నా టికెట్టు వచ్చింది.
మొన్న అదే అంగళ్ల కాడ
చంకలో కోవా డబ్బాతో ఒకామె ఎక్కి
ఆధార్ కార్డు చూపిచ్చింది.
మిషన్ కొట్టి ఇచ్చినా.
తీసుకొని తిప్పి చూసింది.
వెనకాల తెల్లగా ఉంది.
అప్పుడు వక్కాకు సంచి విప్పి ఇంకోటి తీసింది.
"ఇది నీ రాతేనా చూడు సామీ.
ఈ దారిన తిరిగే కండక్టర్లకంతా చూపిచ్చినా,
మాది కాదంటే మాది కాదన్నారు."

ముందు వైపు ఏమీ లేదు.
మిషన్ అచ్చు ఎప్పుడో ఎగిరిపోయింది.
ఊరు లేదు, తేదీ లేదు, నలభై రూపాయలు లేవు,
ఆ వానలో మేమిద్దరం ఒకే బండిలో ఉన్నామని
చెప్పేదానికి గవర్మెంటు మాట ఒక్కటీ మిగల్లేదు.
తిప్పితే
నీలం బాల్‌పెన్నుతో 460.
కుర్చీ తలకిందులుగానే ఉంది.

నా జేబులోంచి తీసి ఇచ్చినా.
డిపో సంగతి, రసీదు సంగతి చెప్పలేదు.
రెండుసార్లు లెక్క పెట్టుకొని
"వడ్డీ యాడ?" అని నవ్వింది.
ఎక్స్‌రే ఎవురిదని అడిగినా.
"మా అబ్బోనిది. కాలు కొంచెం కురచ పడింది.
మేకల ఎనకాల పోతాండాడు."
ఇంక ఏం అడగాలో తెలీలేదు.

"కొట్టెయ్ మరి" అంది.
460 మీద అడ్డంగా గీత గీసినా.
లెక్క తెగింది గదా, పారేస్తాదనుకున్నా.
మడిచింది, ఇంకోసారి మడిచింది,
వక్కల కింద, సున్నం డబ్బీ పక్కన పెట్టి
సంచి దారం బిగ్గ లాగింది.

ఒళ్లో ఉన్న సున్నా టికెట్టు
కిటికీ గాలికి లేచి ఘాటులోకి పోయింది.
ఆమె చూడలేదు. నేను చూసినా.

రామాపురం దాటినాక
చెకింగోళ్ల జీపు నిలబడుంది రోడ్డు పక్కన.
"టికెట్టు ఏదమ్మా?" అంటే
ఆమె ఏది తీసి చూపిస్తాదో అని
నాకు ఒకటే దిగులు.