తలగొట్టిన మానిక

పల్లికాయ సీజను. బాదేపల్లి యార్డుల రాత్రి పదకొండు.
కిటికీ జాలికి పొట్టు పట్టింది, కీబోర్డు సందుల్ల గూడ.
తక్‌పట్టీలు ఆగిపోయినయి.
బస్తాల మీద ఒరిగిన రైతులు
అద్దంల నుంచి నన్నే చూస్తున్నరు.

డిస్కు నిండిందేమో అని అడిగిన:
డీఎఫ్, మైనస్ హెచ్.
ఇంట్ల నా ల్యాప్‌టాప్‌నైతే అడుగుడే ఆలస్యం,
ఇన్ని జీబీలు, ఇంత శాతం అని అప్పజెప్తది.
ఇది ఒక్క ముక్క అని ఊకున్నది:
"చెల్లని ఆప్షను: హెచ్."

హెచ్ అంటె హ్యూమన్.
మనిషికి తెలిసేటట్టు చెప్పమనుడు.
అది చెల్లదంట.

తప్పు ఈ ముసలి మిషనుదే అని రుజువు జేద్దామని
ప్రమాణాల పుస్తకం తెరిచిన.
కే ఉన్నది. పీ ఉన్నది.
హెచ్ అండ్ల గూడ లేదు.

గేటుకాడ ఊశమ్మ యాదికొచ్చింది.
నాకు మానిక మీద గుట్ట బోసి పల్లీలిస్తది.
ఒకనాడు తూనికల ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడంగ
అరచేత్తో తలగొట్టింది.
ఏందమ్మా అంటె,
"లెక్కంటె గిదే బిడ్డా. మీదిది లెక్క గాదు, కొసరు."

ఇన్నేండ్లు కొసరు తిని
అదే కొలత అనుకున్న.

పర్వతాలు సారుకు ఫోన్ జేసిన. రిటైరై ఆరేండ్లు.
ఆయన రాసిన సార్టుల "ప్లస్ ఒకటి" అని ఉంటది,
అంటె రెండో గడి. సారు లెక్క సున్న కాడ మొదలు.
పోయిన్నెల కొత్త మిషనుకు ఎక్కిస్తె
"ప్లస్ ఒకటి అనే ఫైలు లేదు" పొమ్మన్నది.
ఆ సంగతి సారుకు చెప్పలే.

నిద్రగొంతుతోనె అన్నడు:
"మైనస్ కే కొట్టు. వొచ్చిన అంకెల్ల ఆఖరి మూడు
వేలుతోని మూసెయ్. మిగిలింది ఎంబీలు.
జర అటిటు ఉంటది. ఏం గాదు."

మూసిన.
మిగిలింది నాలుగు.

పోయినేడు లాగ్ ఫైళ్ళు తీసేసినంక
ప్రింటరు గొంతు సవరించుకున్నది.
మొదటి తక్‌పట్టీ బాలానగరం కురుమన్నది,
పదకొండు బస్తాలు, తేమ కోత పోను.
ఆయన చదువలేదు. మడిచి జేబుల బెట్టుకున్నడు.

పొద్దుగాల ఊడ్చేటామె లైటేస్తె
తెర మీద పల్లిపొట్టు వేలిముద్ర,
మూడంకెల వెడల్పు.
బట్ట తీసింది.
ఉండనియ్యి అన్న.