హోల్డాన్

తాటిచెట్లపాలెం పెట్రోలు బంకు వెనక
నీలం తలుపు, గొళ్ళెం సగమే పడుతుంది.
ఎన్‌ఏడీలో సులభ్, అయిదు రూపాయలు,
చిల్లర విడిగా కొంగున కట్టుకోవాలి.
షీలానగర్లో ఏమీ లేదు.
షీలానగర్ అంటే నాకు భయం.

పన్నెండేళ్ళుగా ఈ రూటులో టిక్కెట్లు కొడుతున్నాను.
విశాఖపట్నం నాకు స్టాపులుగా గుర్తుండదు,
తలుపులుగా గుర్తుంటుంది.

రెండోవాడు నాలుగుంబావు కిలోలు.
ఘోషాసుపత్రిలో అందరూ వాణ్ణే చూశారు.
నేను ఎంత చినిగానో
కుట్లు వేసినామె ఒక్కతే చూసింది.
కుట్లు మానేయి. మర్చిపోయాను.
వాడికి మీసాలొచ్చే వేళకి
ఒళ్ళు పాత బాకీ తీసి ముందర పెట్టింది.

మొదటిసారి ఊర్వశి జంక్షన్లో.
సడెన్ బ్రేకు. ఎవరితోనో నవ్వుతూనే ఉన్నాను.
ఆ తర్వాత నవ్వడం తగ్గించాను.
దగ్గొస్తే ఊచ పట్టుకుని, కాళ్ళు మెలేసి దగ్గేదాన్ని.
డ్యూటీ ఉన్ననాడు ఉపవాసం.
నూకరత్నానికి భక్తి ముదిరిందన్నారు డిపోలో.
శనివారం వెంకన్నకి, మంగళవారం నూకాలమ్మకి,
మిగతా రోజులకి దేవుళ్ళు చాలలేదు.

సముద్రం గాలి ఏ పూట ఎటు తిరుగుతుందో
వేటకెళ్ళే జాలరి కంటే నాకే బాగా తెలుసు.
ఏ కిటికీ పక్కన నిలబడాలో రోజూ అదో లెక్క.

మా ఆయనకి చెప్పలేదు. ఏమని చెప్పను?
షుగరు, బీపీ, గుండె, అన్నిటికీ పేర్లున్నాయి.
దీనికి మా ఇంట్లో ఉన్న మాటలన్నీ
పసిపిల్లల్ని తిట్టడానికి వాడేవే.

కేజీహెచ్‌లో తబస్సుమ్ అనే ఫిజియో పిల్ల
మొహం తిప్పుకోకుండా అడిగింది:
"గట్టిగానా, నీళ్ళలాగానా?
తెలిసి వస్తోందా, తెలియకుండానా?"
అంత మర్యాదగా నన్నెవరూ ఏదీ అడగలేదు.
నేను ఏడుస్తుంటే ఆగింది,
ఆగి, మళ్ళీ అదే ప్రశ్న వేసింది.

ద్వారం దగ్గర కాపలా కాసే కండ నీరసపడిందట.
"లోపలికి, పైకి లాగి పట్టండి. అయిదు లెక్కపెట్టి
మెల్లగా వదలండి. ఎవరికీ కనపడదు,
బస్సులో నిలబడి కూడా చేయొచ్చు."
నవ్వొచ్చింది నాకు.
హోల్డాన్. రైట్ రైట్.
ఆ రెండు మాటల మీదే కదా ఇన్నేళ్ళూ నా జీతం!

గురుద్వారా దగ్గర బిగించి, సిగ్నలు పడితే వదిలి,
మళ్ళీ బిగించి, "ముందుకు జరగండమ్మా" అని అరిచి,
మళ్ళీ.
పిల్లాడి పాత నోటుబుక్కులో
తిన్నది ఎడమ పేజీ, జరిగింది కుడి పేజీ.
నెల తిరిగేసరికి దొంగ దొరికింది:
ఖాళీ కడుపు మీద డిపో టీ.
ఉపవాసాలు మానేశాను,
దేవుళ్ళు ఏమీ అనుకోలేదు.
రాత్రి ఇసబ్‌గోల్. తెల్లారుజామున తిన్న అరగంటకి
కాళ్ళ కింద పీటేసుకుని కూర్చోవడం.
సంచిలో టిక్కెట్ల మిషను కింద
మారు లంగా, ప్యాడ్లు, జిప్పు కవరు.

మూడో నెల ఒకనాడు ఊచ పట్టుకోకుండా దగ్గాను.
ఏమీ కాలేదు.
నాలుగో నెల, గురువారం, అయింది.
కుడి పేజీలో రాసి, కోటు ఉతుక్కున్నాను.

డ్రైవరు సన్యాసిరావు మాటల మనిషి కాదు.
తాటిచెట్లపాలెం వచ్చేసరికి అద్దంలో నా మొహం చూసి
ఒక్కోనాడు బండి పక్కకి తీసేవాడు.
"ఎనక టైరు తేడాగా ఉందర్రా" అని దిగి
తన్నేవాడు. రెండు నిమిషాలు, ఒక్కోసారి నాలుగు.
"ఏటి గురూ, ఆఫీసు టైము!" అని జనం తిట్టేవారు.
మొన్న గ్యారేజీలో అడిగాను ఆ టైరు సంగతి.
"కొత్తదే కదమ్మా, ఏ తేడా లేదు."

ఇవాళ గాజువాకలో బన్ను తిన్నాక టీ తాగుతూ
అతనికి చెప్పేశాను, ఒక్క గుక్కలో.
చాలాసేపు గ్లాసులోకి చూశాడు.
"మాయమ్మకీ ఉండీది.
పోయిందాకా ఎవులికీ సెప్పనేదు.
పరుపు కాల్సినప్పుడు తెలిసింది మాకు."
గ్లాసు తొలిపి బోర్లించాడు.
"బేగి ఎక్కు, టైమైపోతంది."

రైట్ రైట్ అన్నాను.
షీలానగర్ వస్తోంది.
ఒకటి, రెండు, మూడు…